చిటారు స్వరానికి మూడో మీట

నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించిన రోజు ఆర్కెస్ట్రా హాల్లో అందరికంటే ముందు చదివినవాడు వాద్యాలు బాగుచేసే బెజ్జాలాయనే. చదువు మధ్యలో మానేసినవాడికి కాగితం అంటే ఎప్పుడూ అనుమానమే. ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదవడం ఆయనకి అలవాటు. దీన్ని మాత్రం మూడుసార్లు చదివాడు. మూడోసారికి చెవులు వేడెక్కాయి.

"రెండో ఓబో స్థానానికి ఎంపిక జరుగును. అభ్యర్థులు మూడు ఆక్టేవ్ మీటలు గల వాద్యముతోనే హాజరు కావలెను. రెండు మీటల వాద్యములు అనుమతించబడవు."

కింద పెద్ద ఓబో సంతకం. పెద్ద ఓబో అంటే ఆర్కెస్ట్రాలో ఓబోలకి మొదటి కుర్చీ ఆయన. బెజ్జాలాయన భార్యకి సొంత అన్న. సంతకం మొదట్లో ఒక మెలిక, చివర్లో ఒక మెలిక, మధ్యలో ఇంకో రెండు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళుగా ఆ మెలికలన్నీ చూస్తూనే ఉన్నాడు ఈయన.

ఇక్కడ ఓబో గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. చెప్పకపోతే కథ కదలదు, ఎక్కువ చెబితే వినేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. మూరన్నర పొడవు నల్ల కర్ర గొట్టం, దాని కొసన రెండు రెల్లు చీలికలు కలిపి కట్టిన రీడు. వాయించేవాడి మొహం చూస్తే మూడు రోజుల మలబద్ధకంలా ఉంటుంది, వచ్చే నాదం మాత్రం తేనె. ఒంటి నిండా వెండిపూత మీటలు. వాటిల్లో ఆక్టేవ్ మీట అనేదాన్ని నొక్కితే పైన ఎక్కడో గింజంత బెజ్జం తెరుచుకుంటుంది, అదే వేళ్ళ పట్టుకి స్వరం పై అంతస్తు ఎక్కుతుంది. మొదటిది ఎడమ బొటనవేలికి. రెండోది చూపుడువేలి పక్కన. మామూలుగా వాయించే పాటలన్నిటికీ ఈ రెండూ చాలు. అన్నిటికంటే పైన, చిటారు కొమ్మన ఉన్నట్టుండే నాలుగైదు స్వరాలున్నాయి. ఎప్పుడో గాని ఎవరూ వాటి జోలికి పోరు. వాటి కోసమని కొన్ని ఓబోలకి మూడో మీట కూడా పెడతారు, అదీ బొటనవేలికే, మొదటిదానికి కాస్త పైన. అది అవసరమా, అలంకారమా అని ఓబోవాళ్ళు నలుగురు కూర్చుంటే కాఫీలు చల్లారతాయి గాని మాట తెగదు.

బెజ్జాలాయన కూతురి ఓబోకి ఉన్నవి రెండే.

ఆ ఓబో కూడా కొన్నది కాదు. పై ముక్క ఒకరిది, కింది ముక్క ఇంకొకరిది, మీటలు పదిమందివి. ఎవరో పనికిరాదని పారేసినవన్నీ ఏరి, ఆయనే కూర్చి కూతురి చేతిలో పెట్టాడు. అతుకుల బొంత లాంటి ఆ వాద్యంతో మూడేళ్ళుగా ఆ పిల్ల ఈ ఒక్క కుర్చీ కోసమే సాధన చేస్తోంది. ఆర్కెస్ట్రాలో రెండో ఓబో కుర్చీ ఒక్కటే ఉంటుంది, అందులో కూర్చున్నవాడు పళ్ళూడితేగాని లేవడు. ఈసారి తప్పితే మళ్ళీ ఖాళీ అయ్యేసరికి ఆ పిల్లకే పళ్ళూడతాయి.

*

బెజ్జాలాయన గది హాలు వెనక మెట్ల కింద ఉంటుంది. నిలబడితే తల తగులుతుంది, అందుకని ఆయన ఎక్కువగా కూర్చునే కనిపిస్తాడు. బల్ల మీద దీపం, స్క్రూడ్రైవర్లు, లక్క కడ్డీలు, బెండు ముక్కలు, సిగరెట్టు కాగితాల కట్ట ఉంటాయి. ఆయన సిగరెట్టు తాగడు. మీట కింద ఆ కాగితం పెట్టి మెల్లిగా లాగితే, పట్టు ఉందో లేదో, గాలి ఎక్కడ కారిపోతోందో తెలిసిపోతుంది. కారే చోటు వెతికి మూయడమే ఆయన బతుకు, ఆ పేరు అలా వచ్చిందే. పైన చప్పట్లన్నీ సూట్లు వేసుకున్నవాళ్ళకి. ఆ సూట్లలో ఎవడి గాలి ఎక్కడ కారుతోందో మాత్రం ఈయన ఒక్కడికే తెలుసు.

వాటిల్లో ఒక సంగతి పదకొండేళ్ళుగా కడుపులో పెట్టుకుని ఉన్నాడు.

ఆ రోజు కచేరీకి ఇంకా ఇరవై నిమిషాలు ఉందనగా పెద్ద ఓబో దడదడా మెట్లు దిగి వచ్చాడు. "బావా, మూడో మీటలో నీళ్ళు చేరాయి. చిటారు స్వరం దగ్గర గురగురమంటోంది. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. ఊపిరిలో తడి పోయి ఆ సన్న బెజ్జంలో చేరడం ఓబోకి మామూలు జబ్బే. బెజ్జాలాయన మీట విప్పాడు. బెజ్జంలో బియ్యపు గింజంత ఇత్తడి గొట్టం బిగించి ఉంటుంది. దాన్ని పైకి తీసి తుడుద్దామని పట్టకారుతో పట్టాడు. అది పుటుక్కున సగానికి విరిగింది. సగం పట్టకారులో ఉంది, సగం లోపలే ఉండిపోయింది. అలాంటిది మళ్ళీ తెప్పించాలంటే మూడు వారాలు. పైన మొదటి గంట కొట్టారు. బెజ్జాలాయన చేతికి అందిన లక్క కరిగించి ఆ బెజ్జాన్ని నిండా పూడ్చేశాడు, నున్నగా గీకాడు, పైన మీట బిగించి ఇచ్చేశాడు. నిజం రేపు చెప్పుకుందాంలే అనుకున్నాడు.

ఆ కచేరీలో చిటారు స్వరం వచ్చినట్టు మునుపెన్నడూ రాలేదు. గాలి కారే దారే లేకపోయె, గురగుర ఎక్కణ్ణించి వస్తుంది? అయిపోగానే పెద్ద ఓబో సూటుతోనే కిందికి వచ్చి చెల్లెలి మొగుణ్ణి కావలించుకున్నాడు.

"ఏం చేశావు బావా దానికి? ఇన్నాళ్ళకి ఆ మీట మీటలా పనిచేసింది."

కావలించుకున్నవాడి భుజం మీంచి నిజం చెప్పడం కష్టం. "నూనె వేశాను" అన్నాడు బెజ్జాలాయన.

చెబుదామనుకున్న ఆ రేపు పదకొండేళ్ళయినా రాలేదు. ఈలోగా పెద్ద ఓబో మూడో మీటకి ప్రచారకుడైపోయాడు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ నూరిపోశాడు. పత్రికలో వ్యాసం రాశాడు, పక్కన ఫొటో వేయించుకున్నాడు, ఫొటోలో బొటనవేలు ఆ మీట మీదే ఉంది. ఏడాదికి రెండుసార్లు ఆ వాద్యం మెట్ల కిందికి వస్తుంది. బెజ్జాలాయన మీట ఎత్తి, కింద లక్క పదిలంగా ఉందా లేదా చూసుకుని, ఇరుసుకి నూనె చుక్క వేసి పంపించేస్తాడు. సమాధి తుడిచి పువ్వు పెట్టి వచ్చినట్టు.

*

నోటీసు చూసిన మధ్యాహ్నమే పైకి వెళ్ళాడు. పెద్ద ఓబో గదిలో నిలువుటద్దం ఉంది, కిటికీలో ఆరబెట్టిన రీడ్ల వరస ఉంది, గోడకి ఆ పత్రిక ఫొటో ఉంది. కుర్చీలు రెండే. రెండోదాని మీద కోటు వేలాడుతోంది, తీసేవాళ్ళు లేరు.

"రా బావా. నోటీసు గురించేగా."

"రెండు మీటలతో వాయించేవాళ్ళు మనుషులు కారా బావగారూ?"

"మనుషులే. ఎవరు కాదన్నారు? ఓబోవాళ్ళు కారు, అంతే."

"మీ మేనకోడలికి రెండే ఉన్నాయి."

"తెలుసు. అందుకే గట్టిగా రాశాను. దాని కోసం సడలిస్తే రేపు అందరూ ఏమంటారు? మేనమామ గనక లోపలికి తోశాడంటారు. నా మేనకోడలు కాబట్టే నేను ఇంకో పిసరు ఖచ్చితంగా ఉండాలి."

"తెర కడతారుగా మధ్యలో. ఎవరు వాయిస్తున్నారో మీకు కనబడదు కూడానూ."

"కనబడక్కర్లేదు. మూడో మీట లేని చిటారు స్వరం నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. పాలు విరిగిన వాసన తెలిసిపోయినట్టు. ఉండు, వినిపిస్తాను."

పెద్ద ఓబో వాద్యం తీసుకున్నాడు. రీడు నోట్లో పెట్టుకుని, మెట్లెక్కినట్టు స్వరాలన్నీ ఎక్కి, చివర బొటనవేలు పైకి జరిపి మూడో మీట నొక్కాడు. చిటారు స్వరం వచ్చింది. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా వచ్చింది.

"ఇప్పుడు అది లేకుండా" అన్నాడు.

ఈసారి బొటనవేలు దూరంగా పెట్టుకున్నాడు. చన్నీళ్ళలో దిగబోయేవాడిలా భుజాలు ముందే పైకి లేచాయి, పెదాలు ముందే బిగుసుకున్నాయి. చిటారుకి చేరేసరికి పిల్లి తోక తొక్కినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"విన్నావా తేడా?"

ఆ మీట కింద ఉన్నది లక్క. తన చేత్తో పోసిన లక్క. అది నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే. నొక్కితే తేనె, నొక్కకపోతే పిల్లి.

"ఇంకోసారి వాయించండి" అన్నాడు బెజ్జాలాయన అనుమానం తీరక.

ఇంకోసారీ తేనె. ఇంకోసారీ పిల్లి.

"శాస్త్రం బావా ఇది. నీకు చదువు లేక తెలియదు గాని, లోపల గాలి సరిగ్గా ఒక చోట చీలాలి. అక్కడ బెజ్జం లేకపోతే ఎలా చీలుతుంది చెప్పు?"

"అదే, ఎలా చీలుతుందంటారు?" అన్నాడు బెజ్జాలాయన. చదువు మాట ఎత్తితే ఆయనకి ఎక్కడో కాలుతుంది. అయినా నవ్వే మొహం పెట్టాడు, అదీ అలవాటే.

"చేతిలో విద్య పెట్టుకుని నన్ను బతిమాలతావేంటి? నువ్వే ఒకటి పెట్టు దానికి. తొమ్మిది రోజులుంది" అన్నాడు పెద్ద ఓబో, రీడు తుడుచుకుంటూ.

పెట్టొచ్చు. పెట్టడం ఆయనకి చేతకాక కాదు. పిల్ల ఓబో పై ముక్కకి సరిగ్గా ఆ చోటే పాత పగులు ఉంది. దాన్ని పిన్నులు వేసి అతికించింది ఈయనే. అక్కడ బెజ్జం తొలిస్తే ఆ కర్ర నిలువునా విచ్చుకుంటుంది. అప్పుడు మూడో మీట ఏమోగాని, ఓబోయే ఉండదు.

*

ఇంటికి వెళ్ళేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. గోడ అవతల కూతురు సాధన చేస్తోంది. రెండే మీటలతో చిటారు స్వరం ఎక్కి, దాని మీద నిలబడి, మెల్లిగా దిగింది. ఎక్కడా పిల్లి లేదు.

బెజ్జాలాయన మంచం అంచున కూర్చుని లక్క సంగతంతా చెప్పేశాడు. భార్య మడత ఆపలేదు.

"పదకొండేళ్ళు నాకు చెప్పలేదన్నమాట."

"నీకు చెబితే మీ అన్నయ్యకి చెప్పినట్టేగా."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"ఇప్పుడు మీ అన్నయ్యకి చెప్పాలనే ఉంది. ఆ రూలు అక్కడితో చస్తుంది."

ఆవిడ ఒక చొక్కా దులిపి, కాలరు సరిచేసి, అప్పుడు చెప్పింది. "రూలుతో పాటు అన్నయ్య కూడా చస్తాడు. అది నొక్కకుండా వాయించలేడని ఇప్పుడేగా అన్నారు. నొక్కేది ఉత్తిదని తెలిసినవాడు రేపు అందరి ముందూ ఏం వాయిస్తాడు? ఆయన కుర్చీ పోతుంది. పదకొండేళ్ళు మోసం చేసినందుకు మీ మెట్ల కింద గది పోతుంది. ఆ గొడవలో పిల్లని అడిగేవాడే ఉండడు. ఒక లక్క బొట్టుకి మూడు ఉద్యోగాలా?"

"అయితే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

"మా అన్నయ్యకి చేసిందే పిల్లకీ చెయ్యండి. లక్క ఖర్చు కూడా ఉండదు."

ఆ మాటకి బెజ్జాలాయన భార్య వైపు కొత్తగా చూశాడు. ఆవిడ తువ్వాలు మడతపెడుతూనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని చేశాడు. పాత సామాన్ల డబ్బాలోంచి తుక్కు క్లారినెట్టు మీట ఒకటి తీసి, ఆకురాయితో అరగదీసి, వంచి, టంకం పెట్టి బొటనవేలికి సరిపోయేలా చేశాడు. పగులుకి తగలకుండా రెండు వైపులా చిన్న కాళ్ళు పాతి, వాటి మధ్య ఇరుసు బిగించాడు. కింద బెండు ముక్క అతికించాడు. ఆ బెండు మూసేది మాత్రం ఏమీ లేదు, చెక్కుచెదరని నల్ల కర్ర. మెరుగు పెట్టాక చూస్తే పెద్ద ఓబో దానికన్నా అందంగా ఉంది. నొక్కితే టక్ మని చప్పుడు కూడా వస్తోంది.

కూతురు చూసి మొదట భయపడింది. "పగులు పక్కనే కదా నాన్నా. డ్రిల్లు పెట్టావా?"

"సన్నగా పెట్టాను."

ఈ పిల్ల దగ్గర ఆయన అబద్ధమాడటం అదే మొదలు కాదు గాని, పని గురించి ఆడటం మాత్రం అదే మొదలు. ఆ పిల్ల రీడు తడిపి, స్వరాలెక్కి, టక్ మని నొక్కింది. చిటారు స్వరం వచ్చింది. ఎప్పుడూ వచ్చినట్టే వచ్చింది.

"అబ్బ, వెన్నలా జారింది నాన్నా. మామయ్య ఊరికే అనడు."

బెజ్జాలాయన ఒక్క రోజు సంతోషంగా ఉన్నాడు. రెండో రోజు కాస్త తక్కువ సంతోషంగా ఉన్నాడు. అయిదో రోజు గోడ అవతలనుంచి పిల్లి తోక తొక్కిన చప్పుడు వినబడింది. కాసేపటికి కూతురు తలుపులోంచి తల పెట్టింది.

"మీట లేకుండా ఎలా ఉంటుందో చూద్దామని వాయించాను నాన్నా. అస్సలు రావట్లేదు. ఇన్నాళ్ళూ ఎలా వాయించానో ఏంటో."

మూడేళ్ళు పళ్ళ బిగువున ఆ పిల్ల సంపాదించుకున్న స్వరాన్ని కన్నతండ్రి అయిదు రోజుల్లో తుక్కు క్లారినెట్టు ముక్కకి రాసిచ్చేశాడు. చెప్పేద్దామని లేచాడు. ఇంకా నాలుగు రోజులే ఉందిగా, ఇప్పుడు చెబితే బెదిరిపోతుందేమో, ఎంపిక అయ్యాక రేపు చెప్పుకుందాంలే అని కూర్చున్నాడు. అనుకున్నాక ఆ రేపు అనే మాట తనకే ఎక్కడో విన్నట్టనిపించింది.

*

ఎంపిక రోజు పొద్దున హాలు గుమ్మంలో గుమాస్తా బల్ల వేసుకుని, పెన్సిలు కొసతో ప్రతి ఓబో మీటలూ లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు. సరిపోయింది. మీ నంబరు నాలుగు. హాజరు వేశాను." ఏ మీట దేనికో అతనికి తెలియదు. ఆ ఆఫీసులో అది పెద్ద లోటుగా ఎవరూ ఎంచరు.

బెజ్జాలాయన మెట్ల కింద గదిలో పని లేకపోయినా స్క్రూడ్రైవర్లు తుడుస్తూ కూర్చున్నాడు. పదిన్నరకి కూతురు వచ్చింది. ఒక చేతిలో ఓబో ఉంది, ఇంకో గుప్పిట మూసి ఉంది. గుప్పిట విప్పితే అందులో మీట.

"ఊడిపోయింది నాన్నా. వేళ్ళు వేడి చేసుకుందామని వాయిస్తుంటే ఊడి కింద పడింది. మూడో నంబరు లోపలికి వెళ్ళిపోయింది. తొందరగా పెట్టు."

ఆయన దీపం దగ్గర పెట్టి చూశాడు. ఇరుసు మర అరిగిపోయింది. తుక్కు సామాను తుక్కు బుద్ధి చూపించింది. కొత్త మర తీయాలంటే అరగంట కావాలి. పైన మూడో నంబరు చివరి భాగంలో ఉంది.

"కుదరదు. అలాగే వెళ్ళు."

"అలాగే ఎలా వెళ్తాను? అది లేకపోతే నాకు రాదు. నీకు తెలుసు."

పిల్ల పెదాలు పాలిపోయాయి. ఆ పెదాలతో అయితే మామూలు స్వరం కూడా రాదు. బెజ్జాలాయన పదకొండేళ్ళు ఒకడి దగ్గరా, తొమ్మిది రోజులు ఇంకొకరి దగ్గరా నీళ్ళు నమిలాడు. ఇక నమలడానికి వ్యవధి లేదు. ఓబో తిప్పి, మీట ఊడిన చోటు దీపం కింద పెట్టాడు.

"చూడు. బెజ్జం ఎక్కడుంది?"

పిల్ల వంగి చూసింది. వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"పూడ్చేశావా?"

"తొలిస్తే కదా పూడ్చడానికి."

"మరి ఇన్ని రోజులూ నేను నొక్కింది?"

"పాత క్లారినెట్టు ముక్క. రూలు కోసం పెట్టాను. గుమాస్తా లెక్కకి సరిపోవడానికి."

"మరి ఆ స్వరం?"

"నీదే. ముందూ నీదే, మధ్యలో నీదే. ఇప్పుడూ నీదే."

పిల్ల మొహం ఎర్రబడింది. పాలిపోవడం కన్నా అది నయమే అనుకున్నాడు ఆయన.

"మోసం నాన్నా ఇది. నన్ను వెర్రిదాన్ని చేశావు."

"చేశాను. వెళ్ళి తిట్టు. ఆ గొట్టంలోంచే తిట్టు, ఇక్కడికి బాగా వినబడుతుంది."

"ఇంకెవరికైనా చేశావా ఇలాంటి పని, నేనొక్కదాన్నేనా?"

"మీ మామయ్య మీట కింద పదకొండేళ్ళుగా లక్క ఉంది."

పిల్ల తండ్రి కళ్ళలోకి చూసింది. అది అబద్ధం కాదని తెలుసుకోవడానికి రెండు క్షణాలు పట్టింది. నవ్వలేదు గాని ముక్కులోంచి ఒక గాలి వచ్చింది. పైనుంచి "నాలుగు" అని కేక వినబడింది. మీట జేబులో వేసుకుని, తండ్రికి చెప్పకుండానే వెళ్ళిపోయింది.

మెట్ల కింద గదికి పైకప్పులో సగం వేదిక చెక్కలే. బెజ్జాలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటి వరసలు కాస్త గట్టిగా వచ్చాయి, తిట్టినట్టే ఉన్నాయి. తర్వాత నెమ్మదించాయి. స్వరాలు మెట్టు మెట్టుగా ఎక్కుతున్నాయి. చిటారుకి ముందు చిన్న ఊపిరి. ఆయన చేతిలో ఉన్న లక్క కడ్డీ రెండు ముక్కలైంది.

స్వరం వచ్చింది. సన్నగా, సూటిగా వచ్చి, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు అక్కడే నిలబడి, ఎప్పుడు దిగాలో అప్పుడే దిగింది.

*

చీటీలు విప్పే వేళకి బెజ్జాలాయన పైకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎంచేవాళ్ళు ముగ్గురు. పెద్ద ఓబో, పద్దులు చూసే మేనేజరమ్మ, ఆర్కెస్ట్రా నడిపించే బెత్తంసారు. గుమాస్తా ముగ్గురి చీటీలూ పైకి చదివాడు. నాలుగు. నాలుగు. పెద్ద ఓబో చీటీ మీద ఒక ముక్క ఎక్కువ ఉంది: "నాలుగు. మూడో మీట వాడిన తీరు ఆదర్శప్రాయము."

తెర తీశారు. మేనకోడల్ని చూసి పెద్ద ఓబో వెలిగిపోయాడు.

"చూశారా, చూశారా. నేను పేరు చూడలేదు, మొహం చూడలేదు. ఆ మీట విన్నాను. నీ మీట ఇలా చూపించు కోడలు పిల్లా, అందరూ చూస్తారు."

పిల్ల జేబులోంచి మీట తీసి బల్ల మీద పెట్టింది.

పెద్ద ఓబో మీట వైపు చూశాడు, ఓబో వైపు చూశాడు, మళ్ళీ మీట వైపు చూశాడు. "ఇప్పుడు ఊడిందా?"

"లోపలికి రాకముందే ఊడింది మామయ్యా."

"మరి వాయించేటప్పుడు?"

"జేబులో ఉంది."

గుమాస్తా గాభరాగా రిజిస్టరు తెరిచాడు. "పొద్దున మూడు ఉన్నాయండీ. నేనే లెక్కపెట్టాను. హాజరు కూడా వేశాను."

బెత్తంసారు ఆ మీటని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆర్కెస్ట్రాలు నడుపుతున్న మనిషి. "ఓబోకి మూడు ఉంటాయా?" అన్నాడు. "నేను రెండనుకున్నానే. సరే, చీటీలు రాసేశాం, నాకు ఆకలేస్తోంది" అని లేచాడు. మేనేజరమ్మ నోటీసు మీద మూడు మీటల వాక్యాన్ని కలంతో కొట్టేసింది. సంతకంలో ఒక మెలిక కూడా ఆ కొట్టివేతలో పోయింది.

*

మధ్యాహ్నం పెద్ద ఓబో మెట్లు దిగి వచ్చాడు. ఈసారి దడదడా కాదు. జ్వరం వచ్చిన పిల్లని ఎత్తుకున్నట్టు వాద్యాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వచ్చాడు. కూతురు అక్కడే స్టూలు మీద కూర్చుని రీడ్లు సర్దుకుంటోంది.

"బావా, నాది ఒకసారి చూడు."

"ఏమైంది బావగారూ?"

"ఏమీ కాలేదు. ఊరికే చూడు." మూడో మీటని బొటనవేలితో తడిమాడు. "మీట జేబులో ఉన్నా ఈ పిల్లకి వచ్చింది కదా. అంటే, నేను ఇన్నాళ్ళూ..." ఆ పైన మాట ముందుకి జరగలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి ఒక వాక్యాన్ని సగంలో వదిలెయ్యడం బెజ్జాలాయన ఎన్నడూ చూడలేదు. చూస్తే సంతోషం వేస్తుందనుకున్నాడు గాని వెయ్యలేదు.

ఒకరికి చెప్పేసిన నోరు కదా, రెండోవాడికీ చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, పదకొండేళ్ళ కిందట మీరు ఇలాగే వచ్చారు, గుర్తుందా? అప్పుడు..."

"ఇలా ఇవ్వండి మామయ్యా" అని కూతురు లేచి వాద్యం అందుకుంది. దీపం కిందికి తీసుకెళ్ళి, గోటితో మూడో మీట ఎత్తి చూసింది. పదకొండేళ్ళ లక్క, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. గదిలో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు, కారణాలు మాత్రం ఎవరివి వాళ్ళవి.

పిల్ల మీట వదిలేసింది. టక్.

"ఎక్కడా చుక్క నీరు లేదు మామయ్యా. ఇరుసు కాస్త బిగుసుకుంది, అంతే. నాన్నా, నూనె."

బెజ్జాలాయన నూనె బుడ్డి అందించాడు. పెద్ద ఓబో భుజాలు మెల్లిగా కిందికి దిగాయి.

"అదే కదా నేను అనుకుంటున్నది. నీది చిన్న వయసు, పెదాల్లో సత్తువ ఉంది, ఒకసారి అలా వచ్చేసింది. ఏదో రోజు తెలుస్తుంది దాని అవసరం. నువ్వూ సరైనది ఒకటి పెట్టించుకో కోడలు పిల్లా."

"పెట్టించుకుంటాను మామయ్యా. నాన్నకి తీరిక దొరకాలి."

పెద్ద ఓబో వాద్యం తీసుకుని, గుమ్మంలో నిలబడి, స్వరాలెక్కి చిటారు స్వరం వాయించాడు. తేనె. మెట్లెక్కుతూ ఏదో కూనిరాగం కూడా తీశాడు.

అడుగుల చప్పుడు పైకి వెళ్ళిపోయింది.

"చెప్పెయ్యబోయాను. ఎందుకు ఆపావు?" అన్నాడు బెజ్జాలాయన.

"రేపట్నుంచి ఆయన పక్క కుర్చీలో కూర్చునేది నువ్వా నేనా? పిల్లి తోక తొక్కిన చప్పుడు వచ్చేది నా చెవి పక్కనే."

ఆయనకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు, అప్పుడే చనువు తీసుకుంటే బాగుండదని. పిల్ల రీడ్ల పెట్టె మూసి, జేబులోంచి క్లారినెట్టు మీట తీసి బల్ల మీద పెట్టింది.

"నా దానికి ఇంకెప్పుడైనా ఏదైనా బిగిస్తే, కింద ఏముందో ముందు నాకు చూపించు."

"చూపిస్తాను."

"రేపు కాదు. బిగించే ముందు."

"బిగించే ముందే."

పిల్ల వెళ్ళిపోయింది. బెజ్జాలాయన ఆ మీటని ఒకసారి వేళ్ళ మధ్య తిప్పి చూసి, పాత సామాన్ల డబ్బాలోకి విసిరాడు. టక్ మంది. చప్పుడు వరకైతే, దానికి వంక పెట్టడానికి లేదు.